రోజూ తిరిగే దారికి ఏ బండి: అనంతపురం వాళ్లకు ఒక లెక్క

అనంతపురంలో ఎవరైనా కొత్త బండి తెచ్చి ఇంటి ముందు పెడితే, చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎంతిస్తాదన్నా?" అని, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. ధర, కంపెనీ, రంగు తర్వాతి సంగతి. పెట్రోలు లీటరు 110 రూపాయల దగ్గర ఉన్నప్పుడు అలా అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఒక్క అంకె పట్టుకుని బండి కొన్నవాళ్లు ఆరు నెలలు తిరక్కుండానే నడుము నొప్పి అనడం, ఇంట్లో ఆడవాళ్లు "నేను దీనిమీద కూర్చోలేను" అని ఆటో ఎక్కడం మనం చూస్తూనే ఉంటాం. మైలేజీ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. రోజుకు ఎంత దూరం తిరుగుతారు, అది ఎలాంటి రోడ్డు, మీతో పాటు ఆ బండి ఎక్కేదెవరు. ఇవి తేలితే షోరూములు చుట్టే పని సగం తప్పుతుంది.

ముందు మైలేజీ సంగతే చూద్దాం, అందరి మనసూ అక్కడే ఉంటుంది కాబట్టి. రోజుకు 40 కిలోమీటర్లు, నెలలో 25 రోజులు తిరిగే మనిషికి నెలకు 1,000 కిలోమీటర్లు. వంద సీసీ బండి లీటరుకు 65 ఇచ్చిందనుకుందాం, నెలకు 15 లీటర్ల పైచిలుకు పడుతుంది. 125 సీసీ బండి 55 ఇస్తే 18 లీటర్లు. తేడా మూడు లీటర్ల లోపే, అంటే నెలకు 300 రూపాయలు. 150 సీసీ బండి 45 ఇస్తే వంద సీసీ కన్నా నెలకు 750 ఎక్కువ. 350 సీసీ బుల్లెట్ 35 ఇస్తే 1,450 ఎక్కువ. అదే మనిషి టౌను దాటకుండా నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే వంద సీసీకీ 125కీ మధ్య తేడా వంద రూపాయలు కూడా ఉండదు. ఆ వంద కోసం ఇష్టం లేని బండి కొనుక్కుని ఏడెనిమిదేళ్లు తోలడం ఎందుకు?

ఈ లెక్క మీ కిలోమీటర్లతో ఒకసారి కాగితం మీద వేసుకోండి. షోరూములో చెప్పే మైలేజీలో పది, పదిహేను తగ్గించి వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

టౌనులోనే తిరిగేవాళ్లు

సాయంత్రం ఆరు గంటలప్పుడు సప్తగిరి సర్కిల్ నుంచి క్లాక్ టవర్ దాకా బండి తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ న్యూట్రల్. క్లచ్ పట్టుకునే ఎడమ చెయ్యి లాగేస్తుంది. పిల్లల్ని స్కూల్లో దించడం, కూరగాయలు, బ్యాంకు, మందుల షాపు, ఇవే పనులైతే గేర్ల బండి కన్నా స్కూటరే సుఖం. పైగా ఇంట్లో అందరికీ అదొక్కటే సరిపోతుంది. భర్త ఆఫీసుకు తీసుకెళ్లి వచ్చాక భార్య బజారుకు పోవచ్చు, అరవై దాటిన నాన్న కాలు ఎత్తి దాటించే అవస్థ లేకుండా కూర్చోవచ్చు. కాళ్ల దగ్గర చదునుగా ఉన్న చోట 25 కిలోల బియ్యం బస్తా నిలబెట్టుకుని రావచ్చు. ఈ పని ఏ స్ప్లెండరూ చెయ్యలేదు.

స్కూటర్లలో ఏది అంటే, చక్రాలు చూసి తీసుకోండి. యాక్టివాకు ముందు 12 అంగుళాలు, వెనక 10 అంగుళాల చక్రం. జూపిటర్‌కు రెండూ 12 అంగుళాలే. పైపులైన్ల కోసం తవ్వి, పైపైన మట్టి కప్పి వదిలేసిన వీధుల్లో ఆ రెండంగుళాల తేడా నడుముకు తెలుస్తుంది. యాక్సెస్ 125కు పికప్ ఎక్కువ, ఇద్దరు పెద్దవాళ్లు కూర్చున్నా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గింజుకోదు. మైలేజీ మూడింటికీ దాదాపు ఒకటే, టౌనులో 45 అటూఇటూ. ట్యాంకులు చిన్నవి, ఐదు లీటర్ల చిల్లర, కాబట్టి బంకుకు తరచుగా పోవాల్సి వస్తుంది.

స్కూటర్ వద్దనాల్సింది ఎప్పుడంటే, మీ రోజువారీ దారి టౌను దాటి పల్లె రోడ్డెక్కినప్పుడు. చిన్న చక్రం గుంతలో దిగిందంటే పెద్ద చక్రంలా పైకి రాదు, హ్యాండిల్ మెలి తిరుగుతుంది. బుక్కరాయసముద్రం దాకా అయితే ఫర్వాలేదు. రోజూ నార్పల దాకా స్కూటర్ మీద పోయి రావాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇరవై, ముప్పై కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్లు

ఈ ఊళ్లో ఎక్కువమంది బండి కొనేది ఇందుకే. కాపురం టౌనులో, ఉద్యోగం గార్లదిన్నెలోనో కూడేరులోనో బత్తలపల్లిలోనో. టీచర్లు, సచివాలయం ఉద్యోగులు, ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు, పొద్దున ఏడున్నరకు బయల్దేరి సాయంత్రం చీకటి పడే వేళకు తిరిగొస్తారు. వీళ్లలో నూటికి ఎనభైమంది కళ్లు మూసుకుని స్ప్లెండర్ కొంటారు. స్ప్లెండర్ మంచి బండే. 97.2 సీసీ ఇంజను, 112 కిలోల బరువు, 9.8 లీటర్ల ట్యాంకు, పొట్టివాళ్లకు కూడా కాళ్లు ఆనే 785 మిల్లీమీటర్ల సీటు ఎత్తు. ఏ పల్లెలో ఆగిపోయినా విప్పి బిగించే మెకానిక్ ఉంటాడు, స్పేర్ పార్టు కిరాణా కొట్టు పక్కనే దొరుకుతుంది. అమ్మాలనుకున్న రోజు పిలిచి మరీ కొనుక్కుంటారు.

అయినా హైవే మీద రోజూ యాభై, అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నా సలహా 125 సీసీ. కారణం గేర్లు. స్ప్లెండర్‌కు నాలుగే గేర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద 70లో పోతుంటే ఇంజను గొంతు చించుకున్నట్టు అరుస్తుంది, ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్‌లో వణుకు మొదలవుతుంది. బెంగళూరు లారీ పక్కనుంచి దూసుకుపోతే బండి గాలికి ఊగుతుంది. షైన్ 125కు ఐదో గేరుంది, అదే 70లో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పగానే కదిలే శక్తి కూడా కొంత ఎక్కువ. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న రకం తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. దానికి పెట్టే నాలుగైదు వేలు దండగ కాదు. పైన వేసిన లెక్కే ఈ దూరానికి వేస్తే నెలకు 400 రూపాయలు అటూఇటూగా తేడా వస్తుంది, అది ఈ సుఖానికి కట్టే ఖరీదు అనుకోండి.

125లో కూడా అన్నీ ఒకటి కాదు. షైన్ పెద్దమనిషి బండి, సీటు పొడుగ్గా చదునుగా ఉంటుంది, చైన్ పూర్తిగా కవర్లో ఉంటుంది. టీవీఎస్ రైడర్ 125 కుర్రాళ్లకు నచ్చే బండి, పికప్ బాగుంటుంది, కానీ చాలా రకాల్లో సీటు రెండు ముక్కలు, వెనక కూర్చునేవాళ్లకు చోటు తక్కువ. రోజూ ఒక్కరే పోయేట్టయితే రైడర్, ఎప్పుడూ వెనక ఒకరుండేట్టయితే షైన్ లేదా హోండాదే ఎస్పీ 125.

స్ప్లెండర్ ఎవరికి సరైనదంటే, హైవే ఎక్కకుండా 50 వేగం దాటని లోపలి రోడ్లలో తిరిగేవాళ్లకు. అలాంటివాళ్లు ఒక సంగతి గమనించండి. హెచ్ఎఫ్ డీలక్స్‌లో ఉన్నదీ ఆ 97.2 సీసీ ఇంజనే, ధర మాత్రం పదివేలకు పైగా తక్కువ. పేరు మీద మోజు లేకపోతే ఆ డబ్బు మిగిలినట్టే. షైన్ 100 ఇంకా తేలిక, 99 కిలోలే. బండిని ఇంటి మెట్ల మీదుగా వరండాలోకి ఎక్కించుకోవాల్సినవాళ్లకు ఆ బరువు కలిసొస్తుంది. కాకపోతే ఆషాఢం గాలికి తేలిక బండి కొంచెం పక్కకు నెడుతుంది. రామగిరి గాలిమరలు చూసినవాళ్లకు మన వైపు గాలి ఎలాంటిదో తెలుసు కదా. నడుము నొప్పి ఇప్పటికే ఉన్నవాళ్లు ప్లాటినా 110 ఒకసారి తోలి చూడండి. సీటు మెత్తదనంలో, షాక్ అబ్జార్బర్లలో ఈ ధరలో దానిదే పైచేయి అంటాను. చూపులకు ఏముంది, రోజుకు రెండు గంటలు దానిమీద కూర్చునేది మనం.

చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్లు హెడ్‌లైటు వెలుతురు చూసి మరీ కొనాలి. వెనక ఎర్రలైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు మీదే ఆరబోసిన కంది కట్టె, గట్టు మీంచి దిగే గొర్రెల మందలు, ఇవన్నీ దగ్గరికొస్తే గానీ కనపడవు. షోరూములో పగటి పూట లైటు వేసి చూపిస్తే ఏమీ తెలియదు. అదే బండి ఉన్న తెలిసినవాళ్లను అడిగి ఒక రాత్రి బైపాస్ మీద తోలి చూడండి.

వెనక సీటు

దీన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి కాస్త విడిగా చెబుతాను. బండి కొనే రోజు షోరూముకు అమ్మనో భార్యనో తప్పకుండా తీసుకెళ్లండి, చీరలోనే. పక్కకు తిరిగి కూర్చోమనండి. రెండు కాళ్లూ ఆనించుకునే ఫుట్‌రెస్టు ఉందా, పట్టుకోవడానికి వెనక గట్టి కడ్డీ ఉందా, చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా సారీ గార్డు ఉందా చూడండి. 150 సీసీ బండ్లలో వెనక సీటు పైకి లేచి ఉంటుంది. పక్కకు కూర్చుంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు జారుతారు. చైన్ కూడా చాలావాటికి బయటికే ఉంటుంది. చున్నీ అంచు ఆ పళ్లలో చిక్కుకుందంటే మనిషిని కిందికి లాగేస్తుంది. స్ప్లెండర్, షైన్ లాంటివాటికి చైన్ మొత్తం రేకు కవర్లో ఉంటుంది. ఆడవాళ్లు వెనక కూర్చునే ఇంట్లో ఆ రేకు కవరు విలువ లక్షలు. మేకప్ సామాన్లలా పైపైన అతికించే స్టిక్కర్లకు డబ్బు పెట్టేకన్నా సారీ గార్డు, గట్టి కడ్డీ వేయించుకోండి.

మూడో మనిషిని ఎక్కించుకోవడం గురించి ఏం చెప్పను, చూస్తూనే ఉన్నాం. వంద సీసీ బండి ఇద్దరి కోసమే. పిల్లలు పెరిగి నలుగురూ కలిసి పోవాల్సిన ఇల్లయితే బండి మార్చినా ప్రయోజనం లేదు, ఆ రోజుకు ఆటో మాట్లాడుకోవడమే నయం.

సరుకు మోసేవాళ్లు

చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్ పైపులు, డెయిరీకి పాల క్యాన్లు, పశువులకు మేత. దీనికి టీవీఎస్ ఎక్సెల్ తప్ప ఇంకో మాట లేదు. పొద్దున్నే రాప్తాడు వైపు నుంచి టౌనులోకి వచ్చే పాలవాళ్లను చూడండి. వెనక సీటు తీసేసి కడ్డీ వేయించి, రెండు పక్కలా రెండు క్యాన్లు, ముందు కాళ్ల దగ్గర ఇంకొకటి, హ్యాండిల్‌కు కొలత గిన్నెల సంచి. గేర్లు లేవు, క్లచ్ లేదు. ఇంటింటి ముందూ ఆగి కదలడానికి అంతకన్నా వీలైనది ఇంకోటి లేదు. 99.7 సీసీ ఇంజను, నాలుగు లీటర్ల ట్యాంకు. కొత్తదైనా మిగతా బండ్ల కన్నా తక్కువ ధరకే వస్తుంది. వేగం, బ్రేకులు మాత్రం దానికి తగ్గట్టే. బరువేసుకుని హైవే మీద పోయే బండి కాదు. పొలం, పల్లె, టౌను అంచు, అక్కడే దాని రాజ్యం.

టౌనులో హోల్‌సేల్ కొట్టు నుంచి చిల్లర కొట్లకు సరుకు వేసేవాళ్లు కూడా దీన్నే వాడతారు. వంద సీసీ బండికి క్యారియర్ బిగించి అంతే బరువు వేస్తే వెనక షాక్ అబ్జార్బర్లు, చక్రం కడ్డీలు త్వరగా పోతాయి.

150, బుల్లెట్

జేఎన్‌టీయూ గేటు ముందు నిలబడితే ఈ రెండు రకాలే కనపడతాయి. వయసు అది, ఎవరు వద్దన్నా వినరు. పెద్దవాళ్లు చూడాల్సింది ఒకటుంది. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. తడి రోడ్డు మీద, ఇసుక మీద బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. 125, అంతకు తక్కువ బండ్లలో సాధారణంగా సీబీఎస్ ఉంటుంది. అది ఒక బ్రేకు నొక్కితే బలాన్ని రెండు చక్రాలకూ పంచుతుంది, జారడాన్ని ఆపలేదు. కాలేజీ కుర్రాడికి ఎలాగూ వేగం కావాలంటే ఏబీఎస్ ఉన్న యమహా ఎఫ్‌జెడ్ లాంటి బండే మేలు. ఇంకో చిన్న లాభం ఏమంటే, 150 సీసీ దాటని బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏడాదికి 714 రూపాయలు, దాటితే 350 సీసీ దాకా 1,366. ఎఫ్‌జెడ్ 149 సీసీ కాబట్టి తక్కువలోనే పోతుంది.

బుల్లెట్ గురించి మైలేజీ లెక్క పైన చెప్పాను. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఇరుకు సందులో వెనక్కి తిప్పుకోవాలన్నా, పంక్చరైతే తోసుకుపోవాలన్నా ఆ బరువు మీదే. ఆదివారం పెనుకొండ కోట దాకా పోయి రావడానికి బాగుంటుంది. రోజూ ఆఫీసుకైతే ఎండాకాలం ట్రాఫిక్‌లో కాళ్లకు తగిలే ఇంజను వేడికి మీరే ఇంకో బండి వెతుక్కుంటారు. అలాగే నెలకోసారి బెంగళూరు పోతాం కదా అని పెద్ద బండి కొనేవాళ్లున్నారు. 200 కిలోమీటర్లకు పైన దారి, దానికి రైలు ఉంది, బస్సు ఉంది. ఆ ఒక్క రోజు కోసం మిగతా 29 రోజులు బరువు మోయక్కర్లేదు.

కరెంటు బండి

కొన్నేళ్ల కిందట దీన్ని ఎవరైనా అడిగితే నవ్వేవాళ్లు, ఇప్పుడు ప్రతి వీధిలో ఒకటుంది. డబ్బు లెక్క దీనికి అనుకూలమే. 1,000 కిలోమీటర్లకు దాదాపు 40 యూనిట్లు పడతాయి. యూనిట్ 6 రూపాయల స్లాబులో ఉన్న ఇంటికి అది 240 రూపాయలు. వంద సీసీ పెట్రోలు బండికి అదే దూరం 1,700 దాకా అవుతుంది. జీఎస్టీ కూడా 5 శాతమే. అయితే ఇంట్లో ఏసీ, మోటారు ఉండి ఇప్పటికే పై స్లాబులో ఉంటే ఈ యూనిట్లు కూడా ఆ రేటుకే పడతాయని మరిచిపోకండి.

చిక్కులు వేరే చోట ఉన్నాయి. కంపెనీ 120 కిలోమీటర్లు అంటే మన రోడ్ల మీద తొంభై వస్తుందనుకోండి, ఇద్దరు కూర్చుంటే ఇంకా తక్కువ. కాబట్టి మీ రోజువారీ దూరానికి రెట్టింపు రేంజి ఉన్న బ్యాటరీ తీసుకోవాలి. రెండోది ఎండ. ఏప్రిల్, మేలో 42 డిగ్రీల ఎండలో తిరిగొచ్చి వెంటనే ప్లగ్గు పెట్టకూడదు, గంటసేపు నీడలో చల్లారనివ్వాలి. రాత్రి పూట చార్జింగ్ పెట్టుకోవడం మంచి అలవాటు. మూడోది పార్కింగ్. సొంతిల్లు, గేటు లోపల ప్లగ్గు ఉన్నవాళ్లకు ఏ టెన్షన్ లేదు. అద్దెకు మూడో అంతస్తులో ఉండి కింద వీధిలో బండి పెట్టేవాళ్లు కిటికీలోంచి వైరు దించాల్సి వస్తే వద్దు. నాలుగోది సర్వీసు. పెట్రోలు బండిని ఏ షెడ్డులోనైనా చూస్తారు, దీన్ని ఆ కంపెనీ సెంటరే చూడాలి. అడ్వాన్సు కట్టే ముందు ఆ సెంటరుకు పోయి బయట ఎన్ని బండ్లు నిలబడి ఉన్నాయో చూసి, వాటి ఓనర్లతో మాట్లాడండి. సేల్స్ కుర్రాడు చెప్పని సంగతులన్నీ వాళ్లు చెబుతారు. టౌనులోనే తిరిగే, సొంతిల్లు ఉన్న, ఇంట్లో ఇంకో పెట్రోలు బండి ఉన్నవాళ్లకు కరెంటు బండి నిస్సందేహంగా లాభం. ఉన్న ఒక్క బండీ అదే కావాలంటే ఆలోచించాలి.

సీఎన్‌జీతో నడిచే ఫ్రీడం 125 బజాజ్ వాళ్లు 2024 జులైలో తెచ్చారు. రెండు కిలోల గ్యాసు, రెండు లీటర్ల పెట్రోలు పడతాయి. మీరు రోజూ పోయే దారిలోనే సీఎన్‌జీ బంకు ఉంటే చూడండి, లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

మన దుమ్ము, మన ముళ్లు

ఏ బండి కొన్నా ఈ జిల్లాలో రెండు శత్రువులు తప్పవు. ఎర్రమట్టి దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది, మైలేజీ పడిపోయిందని ఇంజను విప్పించేవాళ్లు ముందు దాన్ని తీసి చూడాలి. బయటికి ఉన్న చైన్‌కు పాత ఇంజన్ ఆయిల్ పూస్తే దుమ్మంతా దానికి అంటుకుని పళ్లను అరగదీస్తుంది. కిరోసిన్‌తో తుడిచి చైన్ స్ప్రే కొట్టాలి. రెండోది కంప ముల్లు. చెరువు కట్టలు, పొలం గట్ల మీద సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా ఉంది. ట్యూబు టైరైతే ముల్లు దిగగానే గాలి పోతుంది. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు అందులో ఉన్నా నెమ్మదిగా దిగుతుంది, పంక్చర్ షాపు దాకా చేర్చుతుంది. పల్లె దారుల్లో తిరిగేవాళ్లు ట్యూబ్‌లెస్ టైరున్న రకమే అడగండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ తగ్గించే కొత్త ప్రమాణం) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. పల్లెల్లో కొట్ల ముందు సీసాల్లో పోసి అమ్మే పెట్రోలు వీటికి పడదు. చిన్న నలకైనా ఇంజెక్టర్‌ను పట్టేస్తుంది. ట్యాంకు అడుగంటే దాకా తోలే పాత అలవాటు కూడా మానాలి, పెట్రోలు పంపు చల్లగా ఉండేది ఆ పెట్రోలు వల్లే.

డబ్బు కట్టేటప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరలు చూసుకుని పోకండి. ఆన్ రోడ్ ధరలో లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనివి. హ్యాండ్లింగ్ చార్జీలు, టెఫ్లాన్ కోటింగు, యాక్సెసరీల కిట్టు, ఇవి తప్పించుకోగలిగినవి. కాగితం మీద ఒక్కో లైను రాయించుకుని, తెలియనిదాన్ని ఇదేమిటని అడిగితే సగం వాళ్లే కొట్టేస్తారు.

ఫైనాన్సులో ఫ్లాట్ వడ్డీ అనే మాట వినపడితే ఆగండి. 80,000 అప్పు, 10 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 24,000. మొత్తం 1,04,000ను 36 నెలలకు పంచితే నెలకు 2,890 దాకా కట్టాలి. మనం నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి 80,000 మీదే వేస్తారు. బ్యాంకు పద్ధతిలో తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది 18 శాతం వడ్డీతో సమానం. షోరూములో సంతకం పెట్టే ముందు జీతం పడే బ్యాంకులో ఒకసారి అడగండి. మిగిలిన డబ్బులో ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్లు రెండు కొనండి. వెనక కూర్చునేవాళ్లకూ చట్టం అదే, లేకపోతే ఫైను 1,000 రూపాయలు.

పాత బండి తీసుకునేవాళ్లు

నంబరు ప్లేటు చూస్తేనే కొంత తెలుస్తుంది. ఏపీ 02 అంటే అనంతపురంలో 2019కు ముందు రిజిస్టరైన బండి, ఆ ఏడాది నుంచే రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి ఏపీ 02 స్ప్లెండర్ కార్బురేటర్ బండే. పల్లె మెకానిక్ చేతికి లొంగుతుంది, అది దాని గుణం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత బండిలో రబ్బరు పైపులు, వాషర్లు ఒకసారి మార్పించుకోవడం మంచిది. 2011లో రిజిస్టరైనదైతే 2026తో పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

చూడ్డానికి పొద్దున్నే పోండి, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. పోగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజనుకు స్టార్టింగ్ ట్రబుల్ ఉందేమోనని అనుమానించాలి. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు నీలంగా పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం, ఇంజను పని తప్పదు. ముందు ఫోర్కుల మీద నూనె చార ఉందా, స్ప్రాకెట్ పళ్లు సూదుల్లా అరిగాయా, హ్యాండిల్ వదిలితే బండి ఒక పక్కకు లాగుతోందా చూడండి. మీటరు రీడింగు నమ్మకండి. పెడల్ రబ్బర్లు, సీటు అరుగుదల చూస్తే బండి ఎంత తిరిగిందో తెలుస్తుంది.

కాగితాలే అసలు పని. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు వివరాలు చూసుకోండి. ఈ-చలాన్ బకాయిలు కూడా చూడండి. ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరుంటే అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బివ్వండి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని బండి మీ పేరుకు మార్పించేదాకా ఐదారు వేలు ఆపి ఉంచండి. అమ్మేవాడు తెలిసినవాడే కదా అని సంతకాలు తర్వాత చూసుకుందాం అనుకుంటే, ఆయన ఉద్యోగం మారి కర్నూలో హైదరాబాదో వెళ్లిపోయాక ఆ ఫారాలు పట్టుకుని తిరగాల్సింది మీరే.